ఆ వచనాన్ని కత్తిరించింది ఎవరు?

నల్లజాతి క్రైస్తవ సంఘాల చరిత్రను, జాతుల మధ్య సమాధానాన్ని (సయోధ్యను) సెమినరీలో, అంటే పాస్టర్లకు శిక్షణనిచ్చే వేదాంత కళాశాలలో, పాఠాలుగా పెడితే సువార్తలోకి రాజకీయం చొరబడుతుందన్న వాదన అమెరికా క్రైస్తవుల్లో బాగా ప్రచారంలో ఉంది. “క్రీస్తులో జాతి భేదం లేదు, సంఘం నుంచి విడిపోయింది నల్లవారే, క్షమాపణ కూడా అయిపోయింది, ఇంకా తవ్వడం దేనికి?” అన్నది దాని సారం. ఇందులో ఒక్క మాటా నిలవదు.

భేదం లేదనడానికి వారు చూపేది బైబిలులోని గలతీయులకు 3:28. “దాసుడని స్వతంత్రుడని లేదు” అన్న వచనం అది. 1807లో వెస్టిండీస్ బానిసల కోసం లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ లేదు. ఈ వచనమూ లేదు. వాక్యాన్ని ఎవరు, ఎవరికి, ఎంత కోసి అందించారో తెలుసుకోవడం వేదాంత విద్య కాకపోతే మరేమిటి?

విడిపోయింది నల్లవారేనన్న మాట నన్ను ఎక్కువ బాధిస్తుంది. 18వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో అబ్సలోం జోన్స్ అనే నల్లజాతి విశ్వాసి మోకరించి ప్రార్థిస్తుండగా, అక్కడ ఉండకూడదంటూ ఆయనను పట్టుకుని పైకి లాగారు. ప్రార్థన అయ్యేదాకా ఆగండని ఆయన అడిగారు. ఆగకపోగా, లాగడానికి ఇంకో మనిషిని పిలిచారు. ప్రార్థన ముగిశాక నల్లవారంతా ఒక్కసారిగా లేచి బయటికి వచ్చేశారు. ఆ చర్చికి కొత్త నేల వేయించడానికి చందాలిచ్చిన వారిలో వీరూ ఉన్నారు. వారితో నడిచిన రిచర్డ్ అలెన్ 1794లో బెతెల్ సంఘాన్ని స్థాపించారు. 1816లో ఆయన నాయకత్వంలోనే ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం ఏర్పడింది. గెంటేసిన వారిని వదిలి, బయటికి నడిచిన వారి మీద చీలిక నేరం మోపడం అన్యాయం.

క్షమాపణ సంగతి. అమెరికాలోని పెద్ద ప్రొటెస్టెంటు శాఖ అయిన సదరన్ బాప్టిస్టులు బానిసత్వాన్ని సమర్థించినందుకు 1995లో క్షమాపణ కోరారు, నిజమే. కానీ లూయివిల్‌లోని వారి సెమినరీని స్థాపించిన నలుగురికీ కలిపి 50 మందికి పైగా బానిసలు ఉండేవారని ఆ సెమినరీ నివేదికగా ప్రకటించింది 2018లో! పాత కాగితాలు తీసి చదివిన తర్వాతే అది సాధ్యమైంది. దేనికి క్షమాపణో తెలియకుండా కోరే క్షమాపణతో సమాధానం కుదరదు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనే తెలుగు విశ్వాసులకు ఒక మాట. పెంతెకోస్తు ఉద్యమానికి ఊపునిచ్చిన 1906 నాటి లాస్ ఏంజిలెస్ అజూసా వీధి ఉజ్జీవానికి నాయకుడైన విలియం సేమోర్ నల్లజాతి బోధకుడు. అంతకు కొద్ది ముందు హ్యూస్టన్ బైబిలు పాఠశాలలో తెల్లవారి పక్కన కూర్చోనివ్వకపోతే, గది బయటి నుంచే పాఠాలు విన్నారు. ఆ ఉజ్జీవాన్ని గర్వంగా చెప్పుకునే మన పెంతెకోస్తు బైబిలు పాఠశాలలు ఆ గది సంగతి కూడా విద్యార్థులకు చెప్పాలి.