పని మొదలయ్యే వేళకే నిధి అందాలి

కళా ప్రాజెక్టులకు, చిన్న సృజనాత్మక వ్యాపారాలకు నిధులు చాలడం లేదన్న మాట ఏ దేశంలోనైనా వినిపిస్తుంది. అది నిజమే. అయితే, ఉన్న కొద్దిపాటి నిధులు కూడా అవసరమైన సమయానికి చేతికి అందకపోవడమే వారిని ఎక్కువగా దెబ్బతీస్తోందని మేము భావిస్తున్నాం. నాటక బృందం రిహార్సళ్లకు హాలు అద్దె ముందే కట్టాలి, నటులకు పారితోషికం ఇవ్వాలి, దుస్తులు, దీపాలు సమకూర్చుకోవాలి. టికెట్ల డబ్బు చాలావరకు ప్రదర్శనలు మొదలయ్యాకే వస్తుంది. చిన్న ప్రచురణ సంస్థ కాగితానికి, ముద్రణకు ముందుగా చెల్లించి, అమ్మకాల సొమ్ము కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంది. ఈ మధ్యకాలాన్ని గట్టెక్కించే నిర్వహణ మూలధనం దొరకకనే ఎన్నో మంచి ప్రయత్నాలు ఆగిపోతున్నాయి.

బ్యాంకుకు వెళితే తాకట్టు అడుగుతారు. డిజైనర్‌కైనా, సంగీత బృందానికైనా ఉన్న ఆస్తి కాపీరైటు, కుదిరిన ఒప్పందాలు, సంపాదించుకున్న పేరు మాత్రమే. వాటికి విలువ కట్టే అనుభవం బ్యాంకు మేనేజర్లకు సాధారణంగా ఉండదు. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. నష్టంలో కొంత భాగాన్ని ప్రజాధనం భరిస్తుందన్న పూచీ ఉంటే బ్యాంకులు ఈ రంగానికి అప్పు ఇవ్వడానికి ముందుకొస్తాయన్న ఆలోచనతోనే యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్, యూరోపియన్ కమిషన్ కలిసి 2016లో 12.1 కోట్ల యూరోల హామీ పథకాన్ని ప్రారంభించాయి. దానితోపాటు ఈ వ్యాపారాల స్వభావాన్ని బ్యాంకు సిబ్బందికి అర్థమయ్యేలా చెప్పే శిక్షణ కూడా చేర్చడం మాకు మరింత నచ్చిన అంశం. క్రమమైన రాబడి ఉన్న స్టూడియోకు, సంతకమైన ఆర్డరు చేతిలో ఉన్న వర్క్‌షాపుకు ఇలాంటి రుణం సరిపోతుంది. రాబడి ఆశ లేని ప్రయోగాత్మక ప్రదర్శనకు మాత్రం అప్పు భారమే అవుతుంది. దానికి తిరిగి చెల్లించనక్కర్లేని గ్రాంటే తగినది.

గ్రాంటును దానంగా చూడటం సరికాదు. ప్రదర్శన కళల ఖర్చులపై 1966లో ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ వెలువరించిన విశ్లేషణ ఈ విషయాన్ని స్పష్టం చేసింది. యంత్రాలు వచ్చాక కర్మాగారంలో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పెరుగుతూ పోతుంది గానీ, నలుగురు వాయించవలసిన స్వరరచనకు నేటికీ ఆ నలుగురూ, అంత సమయమూ కావాలి. ఇతర రంగాలతో పాటు వేతనాలు పెరుగుతున్నప్పుడు ఖర్చుకూ రాబడికీ మధ్య అంతరం విస్తరిస్తూనే ఉంటుంది. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్, అమెరికాలో 1965లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఏర్పడ్డాక ప్రజాధనంతో కళలను నిలబెట్టడం స్థిరమైన విధానమైంది. ఇక ప్రశ్న ఆ ధనం ఎలా చేరుతోందన్నదే.

అనేక పథకాలు ఖర్చు చేశాక బిల్లులు చూపితేనే డబ్బు ఇస్తాయి. కొన్ని, తామిచ్చేదానికి సమానమైన మొత్తాన్ని మరోచోట సమకూర్చుకోమంటాయి. చేతిలో ముందే డబ్బున్నవారికి ఈ నిబంధనలు అడ్డు కావు. లేనివారిని మాత్రం తలుపు దగ్గరే ఆపేస్తాయి. సుదీర్ఘమైన దరఖాస్తులు నింపడానికి వారాల శ్రమ పడుతుంది, ఎంపిక కాని వారందరికీ ఆ శ్రమ వృథా. పెద్ద సంస్థలకు ఇందుకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఒంటరి కళాకారుడు తన పని మానుకుని రాయాలి. ఐర్లండ్ 2022లో మరో దారి ప్రయత్నించింది. అర్హత ఉన్న దరఖాస్తుదారుల నుంచి 2,000 మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, కళాకారులకు, కళారంగంలో పనిచేసేవారికి వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్లు చెల్లించింది. ఫలానా ప్రాజెక్టు పూర్తి చేయాలన్న షరతు లేకుండా, పని చేసుకునే కాలానికే డబ్బిచ్చిన ఈ పద్ధతిని ఇతర ప్రభుత్వాలు శ్రద్ధగా పరిశీలించాలి.

ప్రజల నుంచి నేరుగా చందాలు సేకరించుకోవచ్చు కదా అనేవారున్నారు. 1885లో న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) పీఠం కోసం జోసెఫ్ పులిట్జర్ పత్రిక లక్షమందికి పైగా దాతల నుంచి లక్ష డాలర్లకు పైగా రాబట్టింది. ఎక్కువమంది ఇచ్చింది ఒక డాలరు లోపే. కానీ ప్రతి దాత పేరునూ అచ్చువేస్తూ రోజూ విజ్ఞప్తి చేసిన దినపత్రిక ఆ ప్రయత్నం వెనుక ఉంది. ఇలా ఆన్‌లైన్‌లో చందాలు సేకరించే వేదికగా 2009లో మొదలైన కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం నిండకపోతే ఒక్క పైసా అందదు. ముందే అభిమానులున్న వారికి క్రౌడ్‌ఫండింగ్ చక్కని మార్గం, కొత్తగా అడుగుపెట్టేవారికి మాత్రం అదొక్కటే ఆధారం కాలేదు.

నిధులిచ్చే సంస్థలను మేము కోరేది స్పష్టం. మొదటి దశలో ఒకటి రెండు పేజీల వివరణ మాత్రమే అడగాలి. పూర్తి దరఖాస్తు తుది వడపోతకు చేరినవారితోనే, ఆ శ్రమకు కొంత ప్రతిఫలమిచ్చి రాయించాలి. ఎంపికైన రోజే తొలి వాయిదా చెల్లించాలి. చిన్న మొత్తాలకు పెద్ద గ్రాంటులంత లెక్కలు అడగడం మానాలి. ఈ మార్పులకు బడ్జెట్ పెంపు పెద్దగా అవసరం లేదు. వచ్చే విడత దరఖాస్తులు పిలిచేలోపే నిబంధనలు సవరించవచ్చు.