గేటు దాటితే మాకు సంబంధం లేదు

మా కాలేజీల్లో మద్యం సమస్య తీరిపోయిందని యాజమాన్యాలు చెబితే నమ్మాలి. గేటు దగ్గర బ్యాగులు వెతుకుతున్నారు, హాస్టల్ గదుల్లో తనిఖీలు చేస్తున్నారు. క్యాంపస్‌లో సీసా అన్నది కనబడదు. సీసాలన్నీ ఎవరో సీనియర్ అద్దెకుంటున్న ఇంటికి చేరాయి. వార్డెన్, వాచ్‌మన్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మాత్రం గేటు లోపలే భద్రంగా ఉన్నాయి.

అలాగని ఆ ఇంట్లో వైద్యసాయం దొరకదనుకోకండి. ప్రతి పార్టీకీ ఒక మెడికల్ బోర్డు ఉంటుంది. సభ్యులంతా తాగే ఉంటారు కాబట్టి తీర్మానాలన్నీ ఏకగ్రీవమే. ఎవడైనా కుప్పకూలితే ముందు బ్లాక్ కాఫీ పట్టిస్తారు. లివర్ గంటకు సుమారు ఒక పెగ్గును మించి అరగదీయలేదు, కాఫీ పోసినా ఓవర్‌టైమ్ చెయ్యదు. మత్తు అలాగే ఉంటుంది, కళ్లు మాత్రం తెరుచుకుంటాయి. తర్వాత నెత్తిన చన్నీళ్లు. ఒంట్లో వేడిని మద్యం ముందే బయటికి పంపేస్తుంటుంది, మిగిలింది నీళ్లు చూసుకుంటాయి.

ఆఖరి తీర్మానం: "పడుకోబెట్టండ్రా, పొద్దున్నకి దిగిపోద్ది." దిగడం మాట తర్వాత, ముందు ఎక్కడం పూర్తవ్వాలి కదా. గ్లాసు కింద పెట్టేసినా కడుపులో ఉన్నది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతయితే, దగ్గి బయటికి నెట్టే శక్తిని కూడా మత్తు లాగేసుకుంటుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టమని, ఒంటరిగా వదలొద్దని డాక్టర్లు చెబుతారు. లేపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, నిమిషానికి 8 సార్లకన్నా తక్కువ ఊపిరి తీస్తున్నా వెంటనే అంబులెన్స్ పిలవమంటారు. ఊపిరి లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? అవతల కేక్ కొయ్యాలి.

ఇంకొకడు నిక్షేపంగా నడుస్తుంటాడు, జోకులేస్తుంటాడు, బండి తాళాలు అడుగుతాడు. వాడి మెదడు అప్పటికే జ్ఞాపకాలు రాసుకోవడం మానేసి ఉండొచ్చు. అయినా బోర్డు వాణ్ని ఫిట్ అని ప్రకటించి తాళాలు చేతికిస్తుంది. వెనక సీటుకి మరో ఇద్దరు పోటీ పడతారు.

ఇంతకీ అంబులెన్స్‌కి ఫోన్ ఎందుకు చెయ్యరంటే, పిల్లలకు క్రమశిక్షణ ఎక్కువ. అంబులెన్స్ వస్తే ఇంటి ఓనర్‌కి తెలుస్తుంది, ఆయన కాలేజీకి చెబుతాడు, కాలేజీ సస్పెండ్ చేసి నాన్నకి ఫోన్ కొడుతుంది. ఫ్రెండ్ ప్రాణం ఎలా ఉన్నా, అటెండెన్స్ పోతే తిరిగి రాదు.

సాయం కోసం ఫోన్ చేసినవాళ్లను, ఎవరికోసం చేశారో వాళ్లను శిక్షించకూడదనే నియమం అమెరికాలో చాలా కాలేజీల్లో ఉంది. దాన్ని ఇక్కడా పెడదామని ఎవరైనా అంటే మన క్రమశిక్షణా సంఘాల అభ్యంతరం సబబైనదే. శిక్ష పోతే భయం పోతుంది. భయం పోతే అర్ధరాత్రి ఫోన్లు మొదలవుతాయి. వాటిని ఎత్తడానికి మనిషిని పెట్టాలంటే బడ్జెట్ లేదు.