ఆ డాట్‌ఫైల్స్ పక్కన పడేసి డిఫాల్ట్ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టండి

లినక్స్‌లో విండోలని ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కన సర్దిపెట్టే టైలింగ్ విండో మేనేజర్ మీద మోజు పడ్డవాళ్లలో ఎక్కువమంది చేసే మొదటి పని ఒకటుంది. గిట్‌హబ్‌లో ఎవరిదో కళ్లు చెదిరే స్క్రీన్‌షాట్ చూసి, ఆయన డాట్‌ఫైల్స్ (సెట్టింగులు రాసుకున్న కాన్ఫిగ్ ఫైళ్లు) మొత్తం తెచ్చి తమ హోమ్ డైరెక్టరీలో కుమ్మరించడం. లాగిన్ అవగానే పైన ఎర్ర పట్టీ, బార్ కనబడదు, సగం కీలు పలకవు. పలకవు మరి! ఆయన మానిటర్ పేరు డీపీ-1, మీ ల్యాప్‌టాప్‌ది ఈడీపీ-1. ఆయన ఫాంటు మీ దగ్గర లేదు. కాన్ఫిగ్ పిలిచే స్క్రిప్టుల్లో కొన్ని ఆ రిపోలోనే ఉండవు. ఏ లైను ఎందుకుందో తెలియని ఫైల్లో ఏం సరిచేస్తారు?

డిఫాల్ట్ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, తేడా వచ్చిన చోటల్లా ఒక్కో లైను కలుపుకుంటూ పోవాలి. నాకు తెలిసి వేరే దారి లేదు. స్క్రీన్ మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 అయితే ఐ3 అనే విండో మేనేజర్, కొత్తదైన వేలాండ్ అయితే స్వే. రెండిటి కాన్ఫిగ్ దాదాపు ఒకటే. డీడబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్‌లో కీ మార్చాలన్నా సోర్స్ మార్చి కంపైల్ చేసుకోవాలి, మొదటి అడుగుకి అది వద్దు. పాత డెస్క్‌టాప్‌ని మాత్రం తీసెయ్యకండి. లాగిన్ స్క్రీన్‌లో సెషన్ మార్చుకుంటే చాలు.

ఐ3 మొదటిసారి తెరిచినప్పుడు మోడ్ కీ (షార్ట్‌కట్‌లకి పట్టుకుని నొక్కే కీ) ఏదని అడుగుతుంది. విన్ కీ ఎంచుకోండి. ఆల్ట్ ఇస్తే టెర్మినల్‌లో ఒక పదం చెరపడానికి నొక్కే ఆల్ట్+డి కాస్తా ప్రోగ్రామ్‌లు వెతికి తెరిచే డీమెనూని తెరుస్తుంది. స్వే ఏమీ అడగదు, ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్‌ని మీరే డాట్‌కాన్ఫిగ్ కింద స్వే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. అందులో టెర్మినల్‌గా ఫుట్ రాసి ఉంటుంది. ఫుట్ ఇన్‌స్టాల్ అయి లేకపోతే విన్+ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా ఏమీ రాదు. సిస్టమ్ హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కకండి. విన్+షిఫ్ట్+ఈ కొడితే బయటికి రావచ్చు.

ఇక అసలు పని. విండోలు పక్కపక్కన సర్దడం ఇందులో తేలికైన భాగం. ఇన్నాళ్లూ పూర్తి డెస్క్‌టాప్‌లైన గ్నోమో కేడీఈయో గుట్టుగా చేసిపెట్టిన చాకిరీ అంతా ఇప్పుడు మీ నెత్తిన పడుతుంది. అడ్మిన్ అనుమతికి పాస్‌వర్డ్ బాక్స్ చూపించే పోల్‌కిట్ ఏజెంట్ లేకపోతే పాస్‌వర్డ్ అడగాల్సిన ప్రోగ్రామ్ అడగదు, పనీ చేయదు. నోటిఫికేషన్లకి ఐ3లో డంస్ట్, స్వేలో మాకో పెట్టుకోవాలి. బ్రైట్‌నెస్ కీలకి బ్రైట్‌నెస్‌సీటీఎల్ అనే కమాండ్ కట్టాలి. పర్మిషన్ లేదంటే యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆ రెండో సగం మర్చిపోయి గంటలు తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది.

స్క్రీన్ లాక్ దగ్గర ఒక చిక్కుంది. కాసేపు ఎవరూ ముట్టకపోతే చెప్పిన కమాండ్ నడిపే స్వేఐడిల్‌కి 300 సెకన్లకి స్వేలాక్ (స్క్రీన్ లాక్ చేసే ప్రోగ్రామ్), 600 సెకన్లకి డిస్‌ప్లే ఆఫ్ అని ఇస్తాం. పక్కన హైఫన్ డబ్ల్యూ కూడా ఉంటుంది, అంటే ఇచ్చిన కమాండ్ పూర్తయ్యేదాకా ఆగమని. స్వేలాక్‌కి హైఫన్ ఎఫ్ ఇవ్వకపోతే అది మీరు అన్‌లాక్ చేసేదాకా పూర్తికాదు. దాంతో స్వేఐడిల్ అక్కడే ఆగిపోతుంది, 600 సెకన్లు దాటినా డిస్‌ప్లే ఆరదు. ఎఫ్ ఇస్తే లాక్ పడ్డాక బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి దారి వదులుతుంది. ఒక్క అక్షరం తేడా.

లాగిన్ అవగానే రావాల్సిన ప్రోగ్రామ్‌లని కాన్ఫిగ్‌లో ఎగ్జెక్‌తో స్టార్ట్ చేయాలా, ఎగ్జెక్ ఆల్వేస్‌తోనా? రెండోది ఐ3లో రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ, స్వేలో రీలోడ్ చేసిన ప్రతిసారీ మళ్లీ నడుస్తుంది. ఐ3లో పోలీబార్ అనే స్టేటస్ బార్‌ని దాంతో నేరుగా పిలిస్తే నాలుగు రీస్టార్ట్‌లకి బార్ మీద బార్ పేరుకుపోతుంది.

విమ్ ఎడిటర్ అలవాటున్నవాళ్లు ఐ3లో విండోల మధ్య తిరగడానికి హెచ్-జె-కె-ఎల్ పెట్టుకోబోయి తన్నులు తింటారు. ఐ3లో డిఫాల్ట్ జె, కె, ఎల్, సెమీకోలన్. హెచ్ అడ్డంగా స్ప్లిట్ చేయడానికి కేటాయించి ఉంది. అదే కీకి రెండు పనులు చెబితే డూప్లికేట్ కీబైండింగ్ అని ఎర్ర పట్టీ వస్తుంది. స్ప్లిట్‌ని ముందు వేరే కీకి మార్చండి. స్వేలో ఈ గొడవ లేదు, అక్కడ స్ప్లిట్ బి మీద ఉంటుంది.

ఐ3 నుంచి స్వేకి మారినవాళ్లకి ఇంకోటి. ఫలానా క్లాస్ (ఎక్స్11లో ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టే పేరు) విండో ఫ్లోటింగ్‌లో రావాలని రాసుకున్న రూల్స్ నేటివ్ వేలాండ్ విండోలకి పట్టవు, ఎర్రరూ రాదు. వాటికి క్లాస్ ఉండదు, యాప్ ఐడీ ఉంటుంది. స్వేఎంఎస్‌జీ కమాండ్‌తో గెట్ ట్రీ అడిగితే అసలు పేరు తెలుస్తుంది. స్క్రీన్ షేర్ చేయాలంటే ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్, దానితోపాటు డబ్ల్యూఎల్ఆర్ బ్యాకెండ్ కూడా ఉండాలి. జావా ప్రోగ్రామ్ తెల్లగా ఖాళీగా తెరుచుకుంటే జావా ఏడబ్ల్యూటీ నాన్-రీపేరెంటింగ్ వేరియబుల్‌ని 1 చేయండి.

ఇవేవీ కుదరకముందే బ్లర్, విండోల మధ్య గ్యాప్‌లు, గుండ్రటి మూలల గురించి అడిగేవాళ్లని చూస్తే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం గుర్తొస్తుంది. గ్యాప్‌ల కోసం ఐ3-గ్యాప్స్ అనే విడి వెర్షన్ కంపైల్ చేయమని చెప్పే పాత గైడ్‌లు ఇంకా తిరుగుతున్నాయి, పట్టించుకోకండి. 2023 జనవరిలో వచ్చిన 4.22 వెర్షన్ నుంచి అవి ఐ3లోనే ఉన్నాయి. 13 అంగుళాల స్క్రీన్ మీద 20 పిక్సెళ్ల గ్యాప్ పెట్టి, తర్వాత టెర్మినల్‌లో లైన్లు విరిగిపోతున్నాయని మాత్రం అడగొద్దు.