క్లచ్ సెట్ కొనే ముందు ఆ పాత ప్లేటు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి

ఐదు నెలల్లో ఒకే బండికి క్లచ్ కోసం రెండుసార్లు గేర్ బాక్స్ దించాల్సి వచ్చింది. రెండుసార్లూ లేబర్ నేనే కట్టాను. డబ్బు పోయినందుకు బాధ ఉంది కానీ, మొదటిసారే సరిగ్గా చూసి ఉంటే రెండోసారి అవసరమే ఉండేది కాదన్న కోపం అంతకంటే ఎక్కువ ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

నాది 2014 స్విఫ్ట్ డీజిల్. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావాలి. కాజ టోల్ గేట్ వైపు రోడ్డంతా హాయిగానే ఉంటుంది. వారధి దాటి బెంజ్ సర్కిల్ చేరేదాకా మాత్రం ఫస్టు, సెకండు గేర్లే. కిందటేడాది తిరుమల వెళ్లినప్పుడు రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తేడా తెలిసింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రొద పెరుగుతోంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం ఊపందుకోవట్లేదు. కాసేపటికి లోపలికి కాలిన వాసన. వెనక కూర్చున్న అత్తయ్య గారు "ఏదో మాడుతోందమ్మా" అన్నారు. కొండ దిగేదాకా నా ప్రాణం నాలో లేదు.

ఊరికొచ్చి ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. బానెట్ కూడా ఎత్తకముందే అక్కడి మెకానిక్ "మీరు హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నారు మేడమ్, అందుకే పోయింది" అన్నాడు. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. గేర్ పడ్డాక కాలు పెడల్ మీద ఉంచే అలవాటు నాకు లేదు. చెప్పాను, వినలేదు. క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు మార్చాడు. పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ సంగతి అడిగితే, "అది బాగానే ఉంది మేడమ్, దండగెందుకు, తొమ్మిది వందలు మిగులుతాయి" అన్నాడు. నాకు మేలు చేస్తున్నాడనే అనుకున్నాను.

ఐదో నెల నిండేసరికి పెడల్ తొక్కితే గరగరమని శబ్దం. ఆగిన బండిని ఫస్టు గేర్లో కదిలిస్తే ముందు భాగమంతా వణుకు. ఈసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. గేర్ బాక్స్ దించాక ఆయనే ఫోన్ చేసి, "వచ్చి చూసుకోమ్మా, చూడకుండా కొత్త సామాను కొనొద్దు" అన్నారు.

వెళ్లాను. క్లచ్ కూర్చునే గూడు, అదే బెల్ హౌసింగ్, లోపల తడిగా, నల్లగా ఉంది. వేలితో తుడిచి నా అరచేతిలో రాసి వాసన చూడమన్నారు. గేర్ ఆయిల్‌కి ఘాటైన గంధకం వాసన ఉంటుంది. దీనికి అది లేదు. పైగా డీజిల్ ఇంజన్ ఆయిల్‌లాగా మసి నలుపు. ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ వెనక ఉండే ఆయిల్ సీలు కారుతోంది. ఆ ఆయిలే వచ్చి ప్లేటు మీద పడుతోంది.

తర్వాత ప్లేటు నా చేతికిచ్చారు. లైనింగ్‌లో, అంటే రాపిడితో పట్టే పైపొరలో, రివెట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. అంటే అరిగిపోలేదు, చాలా ఆయుష్షు ఉంది. పైభాగం మాత్రం తారు పూసినట్టు నున్నగా మెరుస్తోంది. అలాంటి ప్లేటు పట్టమంటే ఎక్కడ పడుతుంది? మొదటిసారి తీసేసిన ప్లేటు నేను చూడనే లేదు, అడగనూ లేదు. అదీ ఇలాగే ఉండి ఉంటుందని ఇప్పుడు నా గట్టి నమ్మకం. పాత బేరింగ్ తిప్పి చూపించారు, లోపల గ్రీజు ఎండిపోయి ఇసుక నలిగినట్టు చప్పుడు. పక్కనే కొత్తది తిప్పితే చప్పుడే లేదు.

లేబర్, గేర్ ఆయిల్ కలిపి ఒక్కోసారి నాకు నాలుగు వేల పైన పడింది. ఆ తొమ్మిది వందల బేరింగ్, కొన్ని వందల సీలు మొదటిరోజే వేసి ఉంటే అక్కడితో అయిపోయేది. అందుకే చెప్తున్నా, ప్లేటు ఒక్కటే మార్చమనే మాట వినకండి. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, మూడూ కలిపి సెట్టుగానే తీసుకోండి. గేర్ బాక్స్ దిగి ఉన్నప్పుడు సీలు చూడండి, తడి కనబడితే మార్చేయండి. ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజన్ వైపు బరువైన చక్రం) మీద నీలం మచ్చలు, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్‌కి బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న కొన్ని బండ్లలో, ఆ ఒత్తిడితో బేరింగ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ బేరింగ్‌తో కలిసి లోపలే ఉంటుంది, దాన్ని కూడా వదలకండి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు భాగాలుగా, మధ్యలో స్ప్రింగులతో ఉండేది) ఉన్న డీజిల్ బండి అయితే ఖర్చు బాగా పెరుగుతుంది, ముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఏ కంపెనీది కొనాలి అన్న ప్రశ్న. వాలియో గొప్పా, లూక్ గొప్పా, ఎక్సిడీ గొప్పా, సాక్స్ గొప్పా అని జనం గంటలు గంటలు వాదించుకుంటారు. ఇవన్నీ కార్ల కంపెనీలకే క్లచ్‌లు చేసిచ్చే సంస్థలు. నన్నడిగితే అసలు తేడా పేరులో లేదు, పార్ట్ నంబర్‌లో ఉంది. షాపులో కౌంటర్ అబ్బాయి "1.3 డీజిలే కదా మేడమ్, అన్నీ ఒకటే" అని ఒక డబ్బా తీసి పెట్టాడు. ఒకటే ఎలా అవుతుంది? నా స్విఫ్ట్‌లో ఆ ఇంజన్ 75 హార్స్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఎర్టిగాలో అదే 1.3 ఇంజన్ 90 హార్స్ పవర్, 200 టార్క్. అదే స్విఫ్ట్ పేరు మీద వచ్చిన 1.2 పెట్రోల్ టార్క్ దాదాపు 115 మాత్రమే. బండి పేరు చెప్పి క్లచ్ కొనడమంటే ఇంటిపేరు చెప్పి చెప్పులు కొన్నట్టే. 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి. పాత ప్లేటు మీద చేసిన కంపెనీ పేరు, నంబర్ ముద్ర ఉంటాయి, వాటితో సరిపోల్చండి. నా పాత ప్లేటు మీద ఉన్న కంపెనీ సెట్టే, ఆ కంపెనీ సొంత డబ్బాలో, కారు కంపెనీ డబ్బాలో కంటే తక్కువకి దొరికింది.

పెద్దాయన ఇంకో పని చేశారు. కొత్త ప్లేటుని పాత ప్లేటు మీద పెట్టి చుట్టుకొలత చూశారు, నడుమ పళ్లు లెక్కపెట్టారు, గేర్ బాక్స్ షాఫ్ట్ మీద చేత్తో జార్చి చూశారు. రెండు నిమిషాల పని. ఇది చేయించకుండా బిగించనివ్వకండి.

నకిలీ సామాను భయం నాకూ ఉంది. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉండాలని చట్టమే చెబుతోంది. అవి లేని డబ్బా ముట్టుకోకండి. "బిల్లు లేకుండా అయితే తగ్గుతుంది" అంటారు. క్లచ్ సామాను మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. ఆ కాస్త మిగుల్చుకోవడానికి వారంటీ వదులుకోవడం ఏం లెక్క?

"హెవీ డ్యూటీ" అని అమ్మే సిరామిక్ ప్లేట్ల జోలికి మామూలు బండ్లవాళ్లు పోవద్దని నా గట్టి అభిప్రాయం. అవి పట్టుకుంటే ఒక్కసారిగా పట్టేస్తాయి. మెల్లగా వదులుతూ కదలాల్సిన ట్రాఫిక్‌లో బండి ఎగిరెగిరి పడుతుంది. గట్టి స్ప్రింగున్న ప్రెజర్ ప్లేటు వేస్తే పెడల్ బరువెక్కుతుంది, మోకాలు పోతుంది. పాత ప్లేటుకి కొత్త లైనింగ్ కొట్టించడం వేరే సంగతి. ఆటోనగర్‌లో లారీలకు చేసే ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది, అంత పెద్ద ప్లేటుకి అది గిట్టుబాటు కూడా. చిన్న కారు ప్లేటులో మాత్రం లైనింగ్ మార్చినా నడుమ స్ప్రింగులు పాతవే, వదులైనవే. మిగిలేది కూడా పెద్దగా ఉండదు.

బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. కొత్త ప్రెజర్ ప్లేటుకి తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది. దాన్ని క్లీనర్ కొట్టి తుడిచారు. లైనింగ్‌ని జిడ్డు చేతులతో ముట్టుకోనివ్వలేదు. షాఫ్ట్ పళ్లకు గ్రీజు చాలా పలచగా రాశారు, ఎక్కువైతే అదే చిమ్మి ప్లేటు మీద పడుతుందట. ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు అని రాసి ఉన్న పక్కని నాకు చూపించి మరీ పెట్టారు. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించారు. "మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తొందరపడకమ్మా, ప్లేటు కూర్చోవాలి" అన్నారు.

"బాబాయి గారూ, నేను హాఫ్ క్లచ్‌లో నడపడం వల్లేనా ఇదంతా?" అని అడిగాను. ఆయన ఆ నల్లటి ప్లేటు ఎత్తి, రివెట్ల లోతు వేలితో చూపించి, "నువ్వు నడపడం వల్ల అయితే ఇది అరిగి ఉండాలి కదమ్మా" అన్నారు.