కండువా మార్చిన తుపాకి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో చాయ్ తాగేటోళ్లకు బర్మా రాజకీయం అర్థం కాదంటే నేనొప్పుకోను. పొద్దున ఒక కండువా, మాపటికి ఇంకో కండువా చూసి అలవాటైన కండ్లు మనవి.

అక్కడి కరెన్ రాష్ట్రం సంగతే తీసుకోండి. 1949 జనవరిలో కరెన్ జాతి గెరిల్లాలకు సర్కారుతో మొదలైన లడాయి ఇంకా తెగలేదు. 1994 చివర్లో కరెన్ గెరిల్లాల్లోంచి బౌద్ధ దళం ఒకటి చీలి, సర్కారు సైన్యంతో కలిసి, నెల తిరిగేసరికి తమ పాత కేంద్రం మనెర్‌ప్లానే పడగొట్టించింది. 2010లో ఆ దళంలో ఎక్కువ భాగం సర్కారు కింద 'బోర్డర్ గార్డ్ ఫోర్స్' అయింది. 2024లో 'మాకు సర్కారుతో సంబంధం లేదు' అని చెప్పి 'కరెన్ నేషనల్ ఆర్మీ' అని బోర్డు మార్చింది. తుపాకులు అవే, పట్టుకున్న చేతులూ అవే. మన దగ్గర దీన్ని 'నియోజకవర్గ అభివృద్ధి కోసం' అంటారు. పాపం, వాళ్లకింకా ఆ మాట దొరకలేదు.

ఆ ఏప్రిల్‌లోనే అసలు కరెన్ గెరిల్లాలు సరిహద్దు పట్టణం మయవాడిలో సైనిక స్థావరాన్ని పట్టుకున్నారు. దాదాపు 200 మంది సర్కారు సైనికులు పోయి థాయ్‌లాండ్ వంతెన కింద దాక్కున్నారు. దాని పేరు స్నేహ వంతెన, పేరు నిలబెట్టుకుంది. రెండు వారాలు దాటకముందే సర్కారు తిరిగొచ్చింది. చెయ్యి పట్టి తీసుకొచ్చింది మన 'సంబంధం లేని' వాళ్లే. (రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ దిగినంక, 1951 దాకా, మా ఊళ్లల్ల ముసలోళ్లు ఎవరు సర్కారో ఎవరు దళమో అన్నం అడిగే గొంతును బట్టి పోల్చుకునేటోళ్లట.)

మయవాడి మీద అంత ప్రేమ ఎందుకంటే, దాని చుట్టూ సైబర్ మోసాల కాంపౌండ్లున్నాయి. వాటికి జాగ, కరెంటు, కాపలా ఇచ్చేది ఈ కరెన్ నేషనల్ ఆర్మీయేనని 2025 మేలో అమెరికా ఆంక్షలు పెట్టింది.

మా వాడకట్టు పిల్లగాడొకడు 'థాయ్‌లాండ్ల డేటా ఎంట్రీ' అన్న ఏజెంటు మాట నమ్మి పోయి, సరిహద్దులోని మోయి నది దాటి అక్కడ తేలాడు. 2025 మార్చిలో వాయుసేన విమానాలు తెచ్చిన 549 మందిలో వాడూ ఉన్నాడు. చాయ్ హోటల్ల మేధావులం చుట్టూ చేరాం.

"కాపలా ఉన్నది మిలిటరీయా, మిలీషియానారా?"

"బిళ్ల చూసే సోయి యాడిది కాకా. మెసేజ్‌ల లెక్క తక్కువైతే తన్నుతుండ్రి."

"ఎవరికి పెడుతుంటివిరా మెసేజ్‌లు?"

"మనోళ్లకే. తెలుగొస్తదనే గదా నన్ను తీస్కున్నది. షేర్ మార్కెట్ మేడమ్ లెక్క రాయాలె."

మూల బెంచీ మీద కూర్చున్న రిటైర్డ్ సారు సగం చాయ్ గ్లాసు అట్లనే పెట్టి, పైసలు కూడా ఇవ్వకుండా, బండి తీసుకొని వెళ్లిపోయాడు.