తలుపులేని ఓవెన్

"ఇంట్లో ఓవెన్ పాడైందా బాబూ?" అని అడిగారు మా అత్తగారు.

పాడవలేదు. నిక్షేపంలా ఉంది. కానీ ఆ మాట ఒప్పుకుంటే, పెరట్లో నేనూ మా బావమరిదీ కలిసి భూమిలోకి ఇనపఊచ ఎందుకు దిగ్గొడుతున్నామో, పక్కన కొత్త చెత్తడబ్బా ఎందుకు బోర్లించి ఉందో, 9 కిలోల బొగ్గు ఎవరి కోసమో చెప్పాల్సొస్తుంది. అందుకని "అదేం లేదండీ, సరదాకి" అన్నాను. నా నోట్లోంచి సరదా అన్న మాట వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆకాశం వైపు చూస్తుంది. అప్పుడూ చూసింది.

ఈ విద్య మా బావమరిది తెచ్చింది. టర్కీకోడిని నిలువునా ఊచకి గుచ్చాలి. కింద నేల మీద సిల్వర్ ఫాయిల్ పరవాలి. పైనుంచి రేకు చెత్తడబ్బా బోర్లించాలి. డబ్బా చుట్టూ, డబ్బా నెత్తినా నిప్పులు పోయాలి. రెండు గంటలు కూర్చోవాలి. అంతే.

"నిప్పు కోడికి తగలదు బావా. రేకు వేడెక్కి, ఆ వేడి అన్నివైపుల నుంచీ దాని మీదికి కొడుతుంది. ఆవిరి ఎక్కడికీ పోదు, అందుకని ముక్క ఎండిపోదు. ఇదీ ఓవెనే. కాకపోతే దీనికి తలుపుండదు."

ఆ ఆఖరి ముక్క దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

అసలు ఆ పక్షే ఒక అయోమయం. పుట్టిల్లు ఉత్తర అమెరికా. మనం టర్కీ అంటాం. టర్కీవాళ్లనడిగితే దాని పేరు 'హిందీ' అంటారు, అంటే ఇండియాది అని. పోర్చుగీసువాళ్లు 'పెరూ' అంటారు. ఎవరికి వాళ్లు "ఇది మాది కాదండీ" అని ఇంకో దేశం పేరు పెట్టేసి చేతులు దులుపుకున్నారు. ఇంతమంది వదిలించుకున్నదాన్ని నేను పిలిచి నెత్తికెక్కించుకున్నాను.

నెత్తికంటే ముందు ఫ్రిజ్‌కెక్కింది. గడ్డకట్టిన కోడిని ఫ్రిజ్‌లోనే కరిగించాలి, దాదాపు రెండు కిలోలకి ఒక రోజు చొప్పున. మాది ఐదున్నర కిలోలు. మూడు రోజులపాటు కింది అర మొత్తం దానిదే. మా ఇంటికొచ్చిన ఏ చుట్టానికీ అంత చోటు ఇవ్వలేదు. బయట బల్ల మీద పెడితే తొందరగా కరుగుతుంది కదా అన్నాను. "లోపల గడ్డ కరిగేలోపు పైన క్రిములు కాపురం పెడతాయి" అంది మా ఆవిడ. ఆ మాటకి తిరుగులేదు.

డబ్బాకీ ఓ కథుంది. తళతళా మెరిసే రేకుడబ్బాలకి జింకు పూత ఉంటుంది. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఇంకా కాలిస్తే వచ్చే పొగ పీల్చినవాళ్లకి చలిజ్వరం పట్టుకుంటుంది, వెల్డింగు పనివాళ్లకి ఇది బాగా తెలుసు. అందుకని పూతలేని ఉక్కుడబ్బా వెతికి తెచ్చాం. ముందురోజే దాన్ని ఖాళీగా బోర్లించి, నిప్పులు పోసి, నూనె జిడ్డూ స్టిక్కరు బంకా పోయేదాకా గంటసేపు కాల్చాం. గోడ మీంచి పక్కింటాయన తల పైకొచ్చింది.

"ఏం వండుతున్నారండీ?"

"ఇవాళేం లేదండీ. ఉత్త డబ్బా."

ఆయన డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు, తల మెల్లగా దించుకున్నారు.

మర్నాడు కోడి ఊచ మీద కూర్చుంది. కూర్చుంది అనే అనాలి. రెక్కలు వెనక్కి విరిచికట్టి, కాళ్లు కిందికి వదిలి, సభలో అధ్యక్షుడిలా నిటారుగా ఉంది. ఆ అధ్యక్షుడి మీద డబ్బా బోర్లించాం. బొగ్గులు రాజేశాం. ఎర్రగా మండుతున్నప్పుడే పోసేయకూడదట, పైన తెల్లటి బూడిద పట్టాలట. నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పట్నుంచీ వింటున్నానే గానీ, దాన్ని పారతో ఎత్తి చెత్తడబ్బా నెత్తిన పోస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

పావుగంటకి రెండు చినుకులు పడ్డాయి. "గ్యారేజీలోకి మార్చేద్దాం బావా" అన్నాడు బావమరిది, ఇటు కోడి, అటు నిప్పు, ఎలా మారుస్తాడో మరి. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "బొగ్గు నాలుగ్గోడల మధ్య పెడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. కోడి కంటే ముందు మీరిద్దరే అయిపోతారు" అంది. చినుకులు కూడా విన్నట్టున్నాయి, ఆగిపోయాయి. గాలి మాత్రం మొదలైంది. గాలిని ఎవరం పట్టించుకోలేదు.

ఇక కూర్చోవడం.

వంట అంటే మూత తీసి చూడ్డం. గరిటె పెట్టి తిప్పడం, ఒక మెతుకు పట్టి చూడ్డం, కాస్త చేతిలో వేసుకుని నాలుక్కి రాసుకోవడం. అవేవీ లేకుండా వంటవాడు ఏం చెయ్యాలి? నేను డబ్బా చుట్టూ ప్రదక్షిణం చేశాను. బావమరిది అటునుంచి చేశాడు. మధ్యలో ఎదురైనప్పుడల్లా ఒకే ప్రశ్న.

"అయ్యుంటుందంటావా?"

"తియ్యకూడదు బావా. ఒక్కసారి ఎత్తితే వేడంతా పోతుంది."

నలభై నిమిషాలకి లోపల్నుంచి చుయ్‌మని చప్పుడైంది. అది కొవ్వు ఫాయిల్ మీద పడ్డ చప్పుడని బావమరిది, కోడే జారి కింద పడిందని నేను. గంటకి వాసన మొదలైంది. అది కమ్మటి వాసనని ఇంట్లో సగంమంది, మాడు వాసనని మిగతా సగం. మా అబ్బాయి, "డాడీ, అసలు లోపల కోడి ఉందా?" అన్నాడు. ఎనిమిదేళ్లవాడి ప్రశ్నకి జవాబు చెప్పలేక చిన్నగా నవ్వాను. గంటన్నరకి నాకూ ఆ అనుమానం వచ్చింది. అత్తగారు కుర్చీ తెప్పించుకుని, దూరంగా, గాలి రాని వైపు కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం కూడా ఒక అనడమే.

సరిగ్గా రెండు గంటలు. డబ్బా నెత్తినున్న నిప్పుల్ని పారతో లాగేశాం. బూడిద మిగిలింది. దాన్ని చీపురుతో ఊడ్చేసి ఉండాల్సింది. కానీ రెండు గంటల ఆకలి మీదున్నవాడికి చీపురు కనిపించదు.

ఇద్దరం మందపాటి గ్లవ్స్ తొడుక్కుని ఎదురెదురుగా నిలబడ్డాం. ఇక్కడో సంగతి చెప్పాలి. మా బావమరిది ఆరడుగులు. నేను కాదు. ఒకటి, రెండు, మూడు అని ఎత్తేసరికి అతని వైపు డబ్బా ఆకాశానికి లేచింది, నా వైపు ఇంకా కోడి భుజాల దగ్గరే ఉంది. "ఎత్తు బావా, ఎత్తు!" అంటాడు. మునివేళ్ల మీద లేచాను. అంచు కోడి భుజానికి తగిలి, కోడి ఒక్కసారి గిర్రున తిరిగి నాకు వీపు చూపించింది. ఎలాగో పైకి తప్పించాం. సరిగ్గా అప్పుడు అతను, "ఎడమవైపు జరుపు!" అన్నాడు.

ఎదురెదురుగా నిలబడ్డవాళ్లకి ఎడమలు రెండుంటాయి. అతను తన ఎడమకి లాగాడు, నేను నా ఎడమకి లాగాను. డబ్బా ఎటూ వెళ్లలేదు. కోడికి సరిగ్గా పైన, గాల్లో, సగం తిరిగి నా వైపుకి వొరిగింది. నెత్తినున్న బూడిదంతా సర్రున జారి, గాలివాటుకి వెనక్కి మళ్లి, ఆ కోడి మీద పడింది. మెత్తగా, సమంగా, జల్లెడ పట్టినట్టు. బూడిద సర్దుకున్నాక చూస్తే విభూతి పూసుకుని తపస్సులో ఉన్నట్టుంది.

బ్రష్షుతో దులిపాం. దులుపుతుంటే ఒకవైపు అద్భుతంగా బయటపడింది. ఆ తేనెరంగు, ఆ పెళుసు చర్మం చూసి మా బావమరిది కళ్లు చెమర్చాయి. పొగ వల్ల కాదని అతనంటాడు. రెండో వైపు దులిపాం. ఎంత దులిపినా తెల్లగానే ఉంది. అది బూడిద కాదు. అది కోడి.

అప్పుడు గుర్తొచ్చింది గాలి. గాలి కొట్టిన వైపు నిప్పులు కొలిమిలా రాజుకున్నాయి. గోడ వైపు నిప్పులు నివురు కప్పుకుని నిద్రపోయాయి. థర్మామీటరు తెచ్చి ఈ తొడలో గుచ్చితే 85 డిగ్రీలు, ఆ తొడలో గుచ్చితే 52. ముక్క తినాలంటే అన్నిచోట్లా 74 దాటాలి. సగటు తీస్తే అరవై ఎనిమిదిన్నర వస్తుంది, ఇంకో ఐదున్నర డిగ్రీలే కదా అన్నాడు బావమరిది. లెక్కల్లో అతను మొదట్నుంచీ అంతే.

మళ్లీ బోర్లిద్దామంటే బొగ్గు లేదు. తిప్పి పెడదామంటే నిప్పులు లేవు. ఏం చేయాలా అని ఇద్దరం నిలబడి ఉంటే, అత్తగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. కత్తి అడిగారు. కీలు ఎక్కడుందో వేలితో తడిమి, రెండే రెండు కోతల్లో ఉడికిన కాలు ఊడదీసి పళ్లెంలో పెట్టారు. ఆవైపు ఛాతీ మొత్తం ఒకే ముక్కగా తీశారు. తర్వాత మెడ దగ్గరి సందులోకి పట్టకారు పోనిచ్చి, ఏదో పట్టుకుని లాగారు. కాగితం పొట్లం బయటికొచ్చింది.

"ఇదేమిటి బాబూ?"

మెడ, గుండె, కందనకాయ, కార్జం. అమ్మినవాళ్లు పొట్లం కట్టి లోపల పెట్టేవి. వండేముందు తీసేయాలి. ఆ సంగతి నాకు తెలుసు. పొట్టలో వెతికాను కూడా. మెడ వైపు ఇంకో సందుంటుందని మాత్రం తెలీదు. ఆవిడ పొట్లం విప్పి చూసి, "ఇది మాత్రం బాగా ఉడికింది" అన్నారు.

మిగిలిన సగాన్ని మా ఆవిడ ట్రేలో పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్లింది. ఉడికిన సగం పది నిమిషాల్లో మాయమైంది. చాలా బాగుంది, అబద్ధమెందుకు, ఇంట్లో ఎప్పుడూ అంత మెత్తటి ముక్క తినలేదు. ఎక్కడో ఒకచోట పంటికింద కరకరమంటే ఎవరూ పైకి అనలేదు.

తర్వాత అందరం వంటింట్లోకి వెళ్లాం. ఓవెన్ లోపల లైటు వెలుగుతోంది. గాజుతలుపు వెనకాల రెండో సగం మెల్లగా రంగు తిరుగుతోంది. మా అబ్బాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, వాడి పక్కన బావమరిది, అతని పక్కన నేను. కాసేపటికి అత్తగారి కుర్చీ కూడా లోపలికొచ్చింది.

"కనిపిస్తోంది బావా" అన్నాడు బావమరిది.


"ష్, చూడు" అన్నాను.