డబుల్ బేస్‌ని ఎడమ చెయ్యి మొయ్యక్కర్లేదు

నిలబడి డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో ఉండే నిలువెత్తు తీగ వాద్యం) వాయించేవాళ్లకి ఒక సలహా తెగ తిరుగుతోంది: "ఎడమ చేత్తో బేస్ మెడ గట్టిగా పట్టుకో, లేకపోతే పడిపోతుంది. మెడ పైకొసన తీగలు ఆనే నట్ కనుబొమల ఎత్తుకి వచ్చేలా, అడుగున నేలకి ఆనే పిన్ను పెట్టుకో. రెండు కాళ్ల మీదా సమానంగా బరువేసి కదలకుండా నిలబడు. నొప్పొస్తే వంపు పిన్ను వేయించుకో." ఇందులో ఎక్కువ చెరుపు చేసేది మొదటి మాటే.

మెడ వదిలితే పడిపోతోందంటే, నిలబెట్టడంలోనే తప్పుంది. బేస్ బరువు సుమారు 10 కిలోలు. అందులో దాదాపు అంతా పిన్ను మీదుగా నేలకి దిగాలి. పిన్ను మొనని ఎడమ పాదానికి సుమారు అడుగు దూరం ముందు ఆనించండి. వాద్యాన్ని కొద్దిగా మీవైపు వాల్చి, దాని ముఖాన్ని కాస్త మీ కుడికి తిప్పండి. అప్పుడు వెనక పలక పొట్టకి చదునుగా తగలదు. దాని పైభాగపు అంచు ఎడమ తుంటి ముందు, పొత్తికడుపు పక్కన కుదురుకుంటుంది, నడుమున బిందె కుదిరినట్టు. ఎడమ మోకాలు కాస్త వంచి వెనక పలక కిందిభాగానికి ఆనిస్తే బేస్ గిర్రున తిరిగిపోదు.

ఇక రెండు చేతులూ తీసెయ్యండి. పది లెక్కపెట్టేదాకా బేస్ నిలబడాలి. (మొదట్లో చేతులు దగ్గరే ఉంచుకోండి. పడితే బేస్ మెడ విరగొచ్చు.) ముందుకి ఒరిగిపోతుంటే పిన్ను మీకు మరీ దగ్గరగా ఉన్నట్టు. పొట్ట మీద బరువుగా పడుతుంటే మరీ దూరం. పక్కకి తిరుగుతుంటే మోకాలు ఆనలేదు. తర్వాత ఇంకో పరీక్ష: వేళ్లు తీగ మీదే ఉంచి, మెడ వెనకనుంచి బొటనవేలు తీసేసి ఒక స్వరం పలికించండి. చేతి బరువే తీగని నొక్కాలి; వెనక మీ ఒళ్లు అడ్డు ఉంది కాబట్టి బేస్ ఎక్కడికీ పోదు. బొటనవేలు బేస్‌ని మోస్తుంటే స్థానం మారేటప్పుడు దాన్ని వదలడం కుదరదు, వదిలితే వాద్యం ఊగుతుంది, శ్రుతి తప్పుతుంది. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది.

కనుబొమల లెక్క మొదటిరోజు అంచనాకి పనికొస్తుంది, అంతే. ఒకే ఎత్తున్న ఇద్దరికి చేతుల పొడవు ఒకటి కాదు, రెండు బేస్‌ల భుజాలు (మెడ కింద పెట్టె పైభాగపు వంపులు) ఒకలా ఉండవు. ఎత్తు తేల్చాల్సింది కుడిచెయ్యి. భుజం వదులుగా వేలాడేసి కమాను పట్టుకుంటే, అది ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగ నొక్కే పలక) చివరికీ బ్రిడ్జికీ (పెట్టె మీద తీగల్ని ఎత్తి పట్టే చెక్క) మధ్య తీగని తాకాలి. దానికోసం నడుము వంచాల్సి వస్తే పిన్ను పొట్టిగా ఉంది. నట్ పక్కనున్న స్వరాలకి ఎడమ భుజం పైకి లేస్తుంటే పొడుగైంది. ఒక్కో సెంటీమీటరే మార్చి, పది నిమిషాలు వాయించి చూసుకోండి. కుదిరినచోట పిన్ను మీద గీత పెట్టుకోండి, ఏ చెప్పులతో కొలిచారో గుర్తుంచుకోండి. మడమ 2 సెంటీమీటర్లు మారితే ఆ గీత అబద్ధమే. కమాను లేకుండా వేళ్లతో మీటే జాజ్ వాయింపులో కుడిచెయ్యి ఇంకాస్త పైన, ఫింగర్‌బోర్డ్ చివర దగ్గర ఉంటుంది కాబట్టి ఎత్తు వేరుగా కుదరొచ్చు.

కదలకుండా నిలబడమనడం మాత్రం కవాతు నేర్పడమే. బేస్‌లో మోగే తీగ పొడవు సుమారు 105 సెంటీమీటర్లు. పై షడ్జమం దాని సగంలో ఉంటుంది, అంటే నట్ నుంచి కిందికి అరమీటరుకి కాస్త ఎక్కువ. అక్కడికి చెయ్యి మెడ దాటి, వాద్యం భుజం మీదుగా వెళ్లాలి. పాదాలు మేకులు కొట్టినట్టుంటే వీపు గుండ్రమవుతుంది, మీ మెడ ముందుకి సాగుతుంది. పాదాలు భుజాలంత ఎడంగా, ఎడమది అరపాదం ముందుకి ఉంచండి. చెయ్యి కిందికి దిగేకొద్దీ బరువు ఎడమకాలి మీదికి జరపండి. వంగాల్సింది తుంటి కీలు దగ్గర, కుర్చీలోంచి లేవబోతూ వంగుతామే, అలాగ. తిరిగి పైకి వచ్చేటప్పుడు బరువు వెనక్కి. మోకాళ్లు ఎప్పుడూ బిగించకండి.

వంపు పిన్ను మంచిదే. పేరున్న బేస్ వాద్యకారుడు ఫ్రాన్సువా రబ్బాత్ వాడి చూపించాక బాగా పాకింది. బేస్‌ని ఎక్కువగా వాల్చినా నేలమీద మొన దాని బరువు కిందికి వస్తుంది, ఒంటిమీద భారం తగ్గుతుంది. కానీ మెడ పిసికే అలవాటు ఉన్నవాళ్లు వంపు పిన్నుతోనూ పిసుకుతారు. బేస్ అడుగున ఏటవాలు రంధ్రం తొలిపించే రకమైతే ముందు పై రెండు పరీక్షలూ నెగ్గాకే ఆలోచించండి.

మొన జారుతుందేమోనన్న భయం కూడా మెడ పట్టిస్తుంది. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ కదా. పిన్ను రబ్బరు మూత అరిగి లోహం బయటపడితే వెంటనే మార్చండి. అప్పటిదాకా పాత హవాయి చెప్పు ముక్కకి మధ్యలో చిన్న గుంట చేసి మొన కింద పెట్టుకుంటే సరి. నేల మీద దుమ్ము తుడిచి పెట్టండి, లేకపోతే ఆ ముక్కా జారుతుంది.